పదిహేడు మీటర్ల పతంగి

పెద్దకర్మ భోజనాల్లో నా పక్క కుర్చీలో కూర్చున్న ఒకాయన గారె కొరుకుతూ, "పాపం, కొంచెం ఒళ్ళు తగ్గించుకునుంటే బతికేది" అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. దూరపు బంధువే అయివుంటాడు. దగ్గరి బంధువులు ఆ మాటే షామియానా చాటున చెవుల్లో చెప్పుకుంటున్నారు, ఈయన పైకే అనేశాడు.

"డెంగీతో పోయిందండీ" అన్నాను. "దోమ కుట్టేముందు బరువు చూసి కుట్టదు."

ఆయన చేతిలో గారె విస్తట్లో పెట్టాడు. నేను మాత్రం వడ్డించే అబ్బాయిని పిలిచి ఇంకో రెండు వేయించుకున్నాను. ఆమె ఉంటే అదే చేసేది. ఆకలి లేకపోయినా కోపంతో తిన్నాను. ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను. ఆ కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

ఆమె మా బడిలో ఆటలు నేర్పే పీఈటీ. ఏన్కూరు దాటాక అడవి మొదలయ్యే చోట ఉంది మా గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాల. నేనక్కడ తెలుగు చెబుతాను. పిల్లలకూ మాకూ ఆమె పీఈటీ మేడం. ఆమెకు నేను అక్కను. పేరు రాయను. రాసినా లాభం లేదు, ఈ చుట్టుపక్కల ఆమెను పేరుతో ఎవరూ ఎరగరు. "ఆ లావు మేడం" అంటే మాత్రం వైరా నుంచి భద్రాచలం దాకా బస్సు కండక్టర్లందరికీ తెలుసు.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన కొత్తలో ఒక కండక్టరు జీరో టికెట్టు కొడుతూ, "మీకు రెండు కొట్టాలె మేడం" అని నవ్వాడు. బస్సంతా నవ్వింది. ఆమె చెయ్యి చాపి, "అవ్, రెండు కొట్టు" అంది. అతను నవ్వుతూనే ఆగిపోయాడు. "కొట్టన్నా. నువ్వే అన్నవ్ గదా." అతను సరదాకి అన్నానన్నాడు. "నేను సరదాకి అంటలేను" అని ఆమె ఇద్దరు కూర్చునే సీటు మధ్యలో, సంచీ కూడా పక్కనే పెట్టుకుని, కిటికీ తెరిచి హాయిగా కూర్చుంది. ఆ రోజు నుంచి ఆ కండక్టరు ఆమెను చూస్తే ముందు సీటు ఖాళీ చేయించేవాడు. భయమో గౌరవమో నేను అడగలేదు.

ప్లాస్టిక్ కుర్చీ ఇస్తే ఒకదాని మీద ఇంకొకటి వేసి కూర్చునేది. ఎవరూ చెప్పకముందే, అందరూ చూస్తుండగానే వేసుకునేది. విందులకు పోతే అందరూ ఆకు మీద చేతులు అడ్డం పెట్టి "చాలు, చాలు" అంటుంటే ఈమె "ఇంకో గరిటె" అనేది. ట్రాక్‌సూట్ దుకాణాల్లో సరిపడేది దొరకక దర్జీ దగ్గర కుట్టించుకునేది. కొలతలు తీసేటప్పుడు దర్జీ మొహమాటపడి అంకెలు గొణిగితే, "గట్టిగ చెప్పు, రాసేటోడికి వినపడాలె" అనేది.

ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి గ్రౌండు మధ్యలో నిలబడి, "పీఈటీ అయ్యుండి మీరే ఇట్లా ఉంటే పిల్లలకేం నేర్పుతారమ్మా" అన్నాడు. మేమంతా నేల చూశాం. ఆమె చూడలేదు. "సార్, మా పిల్లలు ఉరికేది వాళ్ళ కాళ్ళతోని. నా కాళ్ళతోని కాదు" అని, మెడలోని విజిల్ ఊది కబడ్డీ మొదలుపెట్టించింది. ఆ పిల్లలు ఆడుతుంటే ఆయన చాలాసేపు కదల్లేదు. వెళ్ళేటప్పుడు మెచ్చుకున్నాడు కూడా. ఆమె ఆ మెచ్చుకోలును పెద్దగా పట్టించుకోలేదు.

ఇట్లాంటివి ఎన్నైనా చెప్పగలను. కానీ ఆమె ఎవరో తెలియాలంటే పతంగి సంగతి చెప్పాలి.

ఒక వేసవి సెలవుల్లో మేం టీచర్లం కొందరం తమిళనాడు యాత్రకు పోయాం. మేం గుళ్ళ చుట్టూ తిరుగుతుంటే ఆమె ఒక సముద్రపు ఒడ్డున అతుక్కుపోయింది. అక్కడ కొందరు నడుముకు పట్టీ కట్టుకుని, ఆకాశంలో పెద్ద పతంగి ఎగరేసి, అది లాగుతుంటే కాళ్ళ కింద చెక్కతో నీళ్ళ మీద జారిపోతున్నారు. ఆ మరుసటి వేసవిలో ఒక్కతే పోయి నేర్చుకుని వచ్చింది. వచ్చి బస్సు దిగుతూనే నాతో అన్న మాట: "అక్కా, నీళ్ళ మీద నిలబడ్డ."

అక్కడితో ఊరుకుని ఉంటే కథే లేదు. ఆమెది వైరా. చిన్నప్పుడు రిజర్వాయర్ ఒడ్డున ఆడపిల్లలంతా చేపలవాళ్ళ తెప్పలెక్కి తిరిగి వస్తుంటే ఈమెను మాత్రం ఎక్కనిచ్చేవాళ్ళు కాదట. "నువ్వెక్కితే మునుగుతది" అని చెప్పులకు కాపలా పెట్టేవాళ్ళు. నాకు నవ్వుతూనే చెప్పింది. తనను ఎవరూ ఎరగని సముద్రంలో నిలబడితే ఆమెకు సరిపోలేదు. వైరా నీళ్ళ మీద, వైరావాళ్ళు చూస్తుండగా నిలబడాలి. అది ఆమెకు కావలసింది. మిగతాదంతా దాని కోసమే.

విన్నవాళ్ళంతా ఒకటే మాట. వాళ్ళన్నయ్య అన్నాడు, మా హెచ్ఎం అన్నది, దవాఖానాలో నర్సు కూడా అన్నది: "మంచిదే, ముందు ఒళ్ళు తగ్గినంక పో."

"తగ్గినంక పోయేది వేరే మనిషి" అనేది ఆమె. "నాకు నేను పోవాలె. గిట్లనే."

సముద్రం మీద గాలి ఒక్క తీరుగా వస్తుంది. వైరాకు వచ్చే గాలి అట్లా కాదు. చేలు దాటి, చెట్లు దాటి, కట్ట ఎక్కి దిగి, అలిసిపోయి వస్తుంది. ఆషాఢంలో కాస్త బలంగా ఉంటుంది, అదీ విడతలు విడతలుగా. ఈ పతంగులకు గుడ్డ వైశాల్యాన్ని బట్టి ఇన్ని మీటర్లదని లెక్క. గాలి గట్టిగా ఉంటే చిన్నది చాలు, మెత్తగా ఉంటే పెద్దది కావాలి. మనిషి బరువైతే ఇంకా పెద్దది కావాలి. ఇదంతా నాకు స్టాఫ్ రూములో చాక్‌పీసుతో బల్ల మీద గీసి చెప్పింది. చివరికి నాకు అర్థం కాలేదని తెలిసి రెండు ముక్కల్లో తేల్చింది. "గాలి తక్కువ, మనిషి ఎక్కువ. గుడ్డ పెద్దగుండాలె. గింతే అక్కా."

పతంగులు అమ్మే దుకాణం మద్రాసులో ఉంది, వాళ్ళతో హిందీలో మాట్లాడాలి. మా బడి దగ్గర సిగ్నల్ దొరకదు. వాళ్ళన్నయ్యకు వైరాలో ఎరువుల కొట్టు ఉంది, అక్కడ సిగ్నల్ ఉంటుంది, ఆమెలాగే ఆయనకూ హిందీ వచ్చు. కాబట్టి ఆయన్ను మాట్లాడమంది. దుకాణం మనిషి అడిగిన వివరాలన్నీ ఆయన చెప్పాడు. పన్నెండు మీటర్ల పతంగి వచ్చింది. చిన్నగా ఉందేమోనని ఆమెకు అనుమానం వచ్చింది గానీ, అమ్మేవాడికి తెలియదా అని ఊరుకుంది.

ఆషాఢంలో ఒక ఆదివారం పొద్దున కట్ట కింద పతంగి అంచున ఉండే గొట్టాల్లోకి పంపుతో గాలి కొట్టారు. తెప్ప మీద ఒక చేపలాయనను తోడు పెట్టుకుంది. లైఫ్ జాకెట్, హెల్మెట్, నడుముకు పట్టీ అన్నీ వేసుకుంది. నీళ్ళలో కూర్చుని కాళ్ళకు చెక్క తగిలించుకుంది. పతంగి మంచిగానే లేచింది. దాన్ని ఒక పక్కకు దించి గుంజితే అది లాగాలి, లాగితే మనిషి లేవాలి. లాగింది. ఈమె సగం లేచింది. మోకాళ్ళు వంగి ఉన్నాయి, నడుము నీళ్ళు విడిచింది. అంతలో మళ్ళీ కూలబడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూలబడింది. కట్ట మీద జనం చేరారు. ఎవరో కుర్రాడు, "పతంగి కాదు, క్రేను తేవాలె" అని అరిచాడు. నేను వెనక్కి తిరిగి చూశాను కానీ ఎవరో తెలియలేదు. తెలిస్తే ఊరుకునేదాన్ని కాదు.

గాలి పడిపోయేదాకా ప్రయత్నించి ఒడ్డుకు వచ్చింది. మొహం తుడుచుకోలేదు. నేరుగా వాళ్ళన్నయ్య ముందు నిలబడింది.

"అన్నా, దుకాణపోడు నా బరువు అడిగిండా?"

"అడిగిండు."

"ఎంత చెప్పినవ్?"

ఆయన పతంగి దారాలు చుట్టడం మొదలుపెట్టాడు. "డెబ్బై అయిదు."

"ఎవలది?"

"నీదే."

"నేను తొమ్మిదో తరగతిల ఉన్న గంత."

ఆయన దారాలు కింద పడేశాడు. "ఆడపిల్ల బరువు పరాయోనికి ఫోన్ల ఎట్ల చెప్పాలెనే? పెండ్లి సంబంధాలొచ్చినప్పుడల్లా గదే చెప్పిన. నోటికి గదే వచ్చింది."

ఆమె ఆయన్నే చూసింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది. ఆ నవ్వులో కోపం కూడా ఉంది, నాకు తెలుసు. "ఆ పెండ్లికొడుకుల లెక్కనే పతంగి గూడ నన్ను చూసి బెదిరింది" అంది.

అన్న చెడ్డవాడు కాదు. చెల్లెలంటే ప్రాణం. ఆయన చేసింది మనందరం చేసేదే. ఆడదాని వయసూ బరువూ మనం పది తగ్గించి చెబుతాం, అది మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద వల్ల ఒక మనిషి తన ఊరి ముందు నీళ్ళలో కూలబడవలసి వచ్చింది. నాకు ఆ రోజు ఆయన మీద కంటే ఆ మర్యాద మీద మండింది.

ఆషాఢం అయిపోయింది. ఆ ఏడాదికి గాలి లేదు. వానలు, చలి గడిచి మాఘమాసం వచ్చింది. ఆ ఏడు సమ్మక్క జాతర. మా వైపు జాతరకు పోయే ముందు మొక్కు ఉన్నవాళ్ళు తమ బరువుకు సమానంగా బెల్లం తూయించి తల్లికి ఇస్తారు. దాన్ని బెల్లమనరు, బంగారమంటారు. బజారులో బెల్లం కొట్ల ముందు పెద్ద కాంటాలు వేలాడదీస్తారు. ఒక తట్టలో మనిషి కూర్చుంటే రెండో తట్టలో బెల్లం ముద్దలు పేరుస్తారు. చూడటానికి జనం మూగుతారు.

"అక్కా, రేపు పొద్దున నువ్వు నా ఫోన్ పట్టుకోవాలె" అంది.

వైరా బజారుకు పోయాం. వాళ్ళన్నయ్య వెంటే వచ్చి బతిమాలాడు. "ఇంటికాడ మిషన్ మీద చూసుకొని గంత బెల్లం కొంటే అయిపోతది గదా. నలుగుర్ల ఎందుకు?"

"నలుగురు చూడాలనే. ఇంటికాడ చూసుకుంటే మళ్ల ఎవలో ఒకలు తగ్గిస్తరు."

మద్రాసు దుకాణదారుకు వీడియో కాల్ చేసి ఫోన్ నా చేతిలో పెట్టింది. కొంగు బిగించి తట్టలో కూర్చుంది. కాంటా దూలం కిర్రుమంది. షావుకారు పని కుర్రాళ్ళు ముద్ద మీద ముద్ద పెట్టారు. పెడుతూనే ఉన్నారు. ముందు కొందరు నవ్వారు. కానీ ఆ చోట నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. అక్కడ బరువు ఎక్కువైన కొద్దీ తల్లికి పోయే బంగారం ఎక్కువ. ఒక ముసలమ్మ చేతులు జోడించింది. ఆమెను చూసి ఇంకొకామె జోడించింది. బెల్లం పెరుగుతుంటే జనం నవ్వడం మాని ఎంతవరకు పోతుందోనని మెడలు చాచి చూశారు.

తట్ట ఇంకా ఈమె వైపే వాలి ఉంది. షావుకారు గొంతు సవరించుకుని, "చాలు మేడం, సమానమైంది" అన్నాడు.

"కాలే."

"అయింది మేడం. సరిపోయింది."

"నా కాలు ఇంక నేలకు తగుల్తనే ఉంది. తల్లికి గూడ తగ్గిస్తవా షావుకారూ?"

ఆయన తల గోక్కుని ఇంకొక ముద్ద పెట్టించాడు. ఆ తర్వాత ఇంకొకటి. అప్పుడు ఆమె పాదం నేల విడిచింది. రెండు తట్టలూ గాల్లో నిలిచాయి. "నూట ఎనిమిది" అని షావుకారు నెమ్మదిగా అన్నాడు. ఆమె గట్టిగా అనమంది. అన్నాడు. ఆమె నా చేతిలోని ఫోన్ వైపు తిరిగి హిందీలో, "విన్నారా? ఇదీ నా బరువు. ఇప్పుడు చెప్పండి" అంది. వాళ్ళన్నయ్య పక్కకు తిరిగి బెల్లం డబ్బులు ఇస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి.

దుకాణం మనిషి పదిహేడు మీటర్లది కావాలన్నాడు. ఆ మాట అంటూనే భయపెట్టాడు. అంత పెద్ద పతంగి నెమ్మదిగా తిరుగుతుంది, ఆడవాళ్ళ చేతులకు కష్టం, ఒక్కసారి గాలి ఎత్తుకుంటే లాక్కుపోతుంది, పద్నాలుగుతో సర్దుకోండి అన్నాడు. ఆమె ఆ మాటలన్నీ వింది. నేర్పిన గురువుకూ ఫోన్ చేసి అడిగింది. గాలి కొలిచే చిన్న యంత్రం కొని కట్ట మీద వారాల తరబడి నిలబడి చూసుకుంది. ఆపదొస్తే పతంగిని వదిలించుకునే పట్టీని కళ్ళు మూసుకుని గుంజడం అభ్యాసం చేసింది. చివరికి పదిహేడే అంది.

"లాక్కపోతే ఏం చేస్తవే?" అన్నాను నేను.

"సన్నోళ్ళను ఎత్తుకపోతది అక్కా. నన్ను ఎత్తాలంటే అది గూడ ఆలోచించుకోవాలె. నా బరువు నాకు పనికొచ్చేది గక్కడనే."

మళ్ళీ ఆషాఢం వచ్చేసరికి ఆమె ఒక్క కిలో కూడా తగ్గలేదు. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. ఎందుకంటే ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళు, "అప్పటికి తగ్గివుంటుందిలే" అని తమకు తాము సర్దిచెప్పుకుంటారు. తగ్గలేదు.

కొత్త పతంగి కట్ట కింద పరిస్తే మిర్చి ఆరబోసే పట్టా అంత ఉంది. వాళ్ళన్నయ్యా నేనూ మార్చి మార్చి పంపు కొట్టాం. నాకు భుజాలు పడిపోయాయి. చెక్క కూడా ఈసారి పొడవుగా, వెడల్పుగా ఉన్నదే తెప్పించింది. కిందటేడు చేపలాయనే తెప్పతో వచ్చాడు. కట్ట మీద జనం కిందటేటి కంటే ఎక్కువమంది ఉన్నారు. అందరూ ఆమె నిలబడాలని రాలేదు, ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

పతంగి లేచింది. నిజంగానే నెమ్మదిగా తిరిగింది. ఆమె తొందరపడలేదు. నీళ్ళలో కూర్చుని, తల పైకెత్తి, గాలి విడత కోసం ఎదురుచూసింది. చెట్ల ఆకులు తిరగబడ్డాయి. ఆమె చేతిలోని, దారాలు కట్టిన కడ్డీని ఒక పక్కకు వంచింది. గుడ్డ కిందికి దిగి ఒక్కసారి గుంజింది. మోకాళ్ళు, నడుము, తర్వాత మనిషి మొత్తం నీళ్ళలోంచి లేచింది. నిలబడింది. ఈసారి కూలబడుతుందని నేను పళ్ళు బిగించాను. కూలబడలేదు. చెక్క వెనక నీళ్ళు రెండుగా చీలి తెల్లగా లేచాయి. సన్నవాళ్ళు పోతుంటే పిల్ల అలకు కూడా ఎగిరెగిరి పడటం నేను సముద్రం దగ్గర చూశాను. ఈమె కింద అలలు అణిగిపోయాయి. సాఫీగా, వంగకుండా, మధ్య నీళ్ళు దాటి చిన్నగా అయిపోతూ పోయింది.

వాళ్ళన్నయ్య చేతిలో పంపు అట్లాగే పట్టుకుని ఏడుస్తున్నాడు. నేను ఆయన్ను చూడనట్టు నటించలేదు. నేనూ ఏడ్చాను. సంతోషం అంటే ఏమిటో ఆ పొద్దున నాకు బాగా తెలిసింది.

తర్వాత ఎంతకీ ఆమె వెనక్కి రాలేదు. కొత్తగా నేర్చినవాళ్ళు గాలి వాలున పోగలరు కానీ, గాలికి ఎదురు తిరిగి రావడం చాలా అభ్యాసం మీద గానీ రాదట. అది మాకు తెలియదు. తెప్ప ఆయన వెనకే పోయాడు. మేం కంగారుపడి కట్ట మీద పరుగులాంటి నడక నడిచాం. జనం కూడా మా వెంట వచ్చారు.

సగం దూరంలో ఎదురొచ్చింది. పతంగి గాలి తీసి చుట్టి మూటలా నెత్తిన పెట్టుకుంది, చెక్క చంకలో ఉంది. తడి బట్టలు కారుతున్నాయి, చెప్పుల్లేని కాళ్ళకు బురద అంటుకుని ఉంది. తెప్ప మీద వెనక్కి తెస్తానని చేపలాయన అడిగాడట, వద్దందట. జనంలోంచి ఒకడు ముందుకొచ్చాడు. కిందటేడు క్రేను అన్నవాడి గొంతే అది. ఈసారి మొహం కూడా చూశాను.

"ఏంది మేడం, నడుసుకుంట వస్తున్నవ్?" అన్నాడు.

ఆమె ఆగింది. మూట కిందికి దించలేదు. ఊపిరి తీసుకోవడానికి కాస్త సమయం పట్టింది, దాన్ని దాచుకోలేదు కూడా.

"వచ్చుడు నడిచొస్తున్న" అంది. "పోవుడు నడవలే."